మతం గడిలో ఏం రాయను?

జూన్ నెల వస్తే బడిబాట. పొద్దున్నే వాడలోకి పోయి పిల్లల పేర్లు రాసుకొస్తాం. మధ్యాహ్నం బడిలో కూర్చొని అడ్మిషన్ రిజిస్టర్ నింపుతాం. పిల్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు. ఇవన్నీ చకచకా అయిపోతాయి. మతం, కులం గడుల దగ్గరికి వచ్చేసరికి నా పెన్ను ఆగుతుంది.

రెండేళ్ళ కింద ఒక తల్లి తన బిడ్డను ఒకటో తరగతిలో చేర్పించడానికి వచ్చింది. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. పిల్లకు బైబిల్లో పేరు. "మతం ఏం రాయాలమ్మా?" అని అడిగాను. ఆమె వెంటనే చెప్పలేదు. ఒకసారి తలుపు దిక్కు చూసింది. గొంతు తగ్గించి, "మేము ప్రార్థనకు పోతం టీచరమ్మా. కని హిందూ అనే రాయుండ్రి. లేకపోతె పిల్లకు ఎస్సీ సర్టిఫికెటు రాదంట గద?" అంది.

నేను పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పే టీచర్ని. ఆ తల్లి నా ముందు నిలబడి ఒక అబద్ధం రాయమని బతిమాలుతున్నది. రాయకపోతే ఆ పిల్ల నోటికాడి కూడు తీసేసినదాన్నవుతాను. రాస్తే ఆ తల్లి మొక్కే దేవుణ్ణి నా చేత్తో కొట్టేసినదాన్నవుతాను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పదేళ్ళ నుంచి నన్ను నేను అడుక్కుంటున్నదే. దీనికి జవాబు వెతకాలంటే నా బతుకు కొంత చెప్పాలి.

మాది మెదక్ దగ్గర ఒక పల్లె. మాదిగవాడ. మా నాయన చెప్పులు కుట్టాడు, డప్పు కొట్టాడు, కాలం కానప్పుడు పట్నంపోయి మట్టిపని చేశాడు. మా అమ్మది కైకిలి. మా ఇంటి మొత్తంలో పదో తరగతి దాటింది నేనే, డిగ్రీ చదివింది నేనే. మేము మొక్కేది ఎల్లమ్మకు, పోచమ్మకు, మైసమ్మకు. ఊళ్ళో హనుమాన్ల గుడి ఉండేది. పండగనాడు ఆ గుడి ముందర డప్పు కొట్టేది మా నాయనే. కొట్టేది మాత్రం బజార్ల నిలబడే. ఆ గద్దె మీద మావాళ్ళెవరూ కాలు పెట్టింది నేను చూడలేదు. అయినా నా కులం సర్టిఫికెట్ మీద 'హిందూ - మాదిగ' అని ఉంది. గుడి మెట్టెక్కనియ్యని మతం పేరు మా కాగితం మీదికి ఎట్ల వచ్చింది? మా నాయన రాయమన్నాడా? ఆయనకు చదువు రాదు. మమ్మల్ని ఎవరన్నా అడిగి రాశారా? అడగలేదు. నా మతం గురించి మొట్టమొదటి అబద్ధం నేను ఆడింది కాదు. నాకు అక్షరాలు రాకముందే ఎవరో రాసిపెట్టారు.

మెదక్ చర్చి మా ఊరి నుంచి దూరం కాదు. 1914లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు. 1924 డిసెంబర్ 25న తెరిచారు. కట్టించినాయన పేరు చార్లెస్ వాకర్ పాస్నెట్ అని తర్వాత చదువుకున్నాను. మా నాయనమ్మకు ఆ పేరు తెలియదు. "కరువొస్తె దొర పని పెట్టిచ్చి బువ్వ పెట్టిండు. మీ ముత్తాత గూడ రాళ్ళు మోసిండు" అనేది. మరి మనమెందుకు చర్చిలో కలవలేదని అడిగితే, "రాళ్ళు మోసినం, బువ్వ తిన్నం, ఇంటికొచ్చినం" అనేది. అన్నం పెడితే మతం మారతారని మా గురించి చెప్పేవాళ్ళకు మా నాయనమ్మ మాట వినిపించాలనిపిస్తుంది.

2014 ఆగస్టులో మేము మెదక్ నుంచి హైదరాబాదు వచ్చాం. మా ఆయనకు పటాన్‌చెరువులో ఒక కంపెనీలో కాంట్రాక్టు పని దొరికింది. నా ఒళ్ళో అయిదు నెలల పాప. రామచంద్రాపురంలో ఇల్లు వెతికాం. మొదటి ఇంటి ఓనరమ్మ పాపను చూసి ముద్దు చేసింది. నీళ్ళిచ్చింది. తర్వాత "మీరు ఏమోళ్ళు?" అని అడిగింది. చెప్పాం. ఇల్లు ఖాళీ లేదంది. రెండో ఇంట్లోనూ అదే. మూడో ఇంట్లో మా ఆయన నోటి నుంచి ఇంకో కులం పేరొచ్చింది. నేను తల దించుకున్నాను. ఆ రోజే సామాను దింపాం.

అబద్ధం మీద నిలబడిన ఇంట్లో ఎట్ల బతకాలో చెప్పే పుస్తకం లేదు. మా అమ్మకు ఫోన్ చేస్తే గొంతు తగ్గించి మాట్లాడేదాన్ని. మా అమ్మ మాట బయటికి వినిపిస్తే కులం తెలిసిపోతుందని భయం. మా ఊరివాళ్ళెవరినీ ఇంటికి రానియ్యలేదు. ఆదివారం పెద్దకూర వండుకుంటే కిటికీలు మూసి నాలుగైదు ఊదుబత్తీలు వెలిగించేదాన్ని. ఓనరమ్మ వరలక్ష్మి వ్రతానికి పిలిస్తే జ్వరమని పడుకున్నాను. పోయిన తర్వాత తెలిస్తే ఏమైతదో అని. మా ఆయనకు షిఫ్టు డ్యూటీ. రాత్రి డ్యూటీ అయితే పగలంతా నిద్ర. నాకు పాలు సరిగ పడలేదు. పాప ఏడ్చేది, దాంతోపాటు నేను ఏడ్చేదాన్ని. డిగ్రీ చదివిన, టీచర్ ట్రైనింగ్ చేసిన మనిషిని పొద్దునలేస్తే మాట్లాడటానికి ఒక్క మనిషి లేకుండా అయిపోయాను. కాన్పు తర్వాత తల్లులకు మనసు ఇట్ల కుంగిపోతుందని, దానికి డాక్టర్లు ఉంటారని అప్పుడు నాకు తెలియదు.

ఒకనాడు పాపను మంచం మీద పడుకోబెట్టి డాబా మీదికి పోయాను. పిట్టగోడ దగ్గర నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఇప్పుడు రాయలేను. పక్క డాబా మీద రేకుల గదిలో ఉండే ఆమె బట్టలు తీయడానికి వచ్చింది. నన్ను చూసింది. "ఏందమ్మా, పాప కింద గుక్కబట్టి ఏడుస్తా ఉంటే ఇక్కడ నిలబడ్డావ్?" అంటూ మధ్యలో ఉన్న చిన్న గోడ దాటి వచ్చి నా చెయ్యి పట్టుకొని కిందికి తీసుకొచ్చింది. పాపకు నీళ్ళు పోసింది. నాకు తలకు నూనె పెట్టింది. ఏమైందని ఒక్క ముక్క అడగలేదు. పోయేటప్పుడు గుమ్మంలో నిలబడి, "మాది ఒంగోలు దగ్గరమ్మా. మాదిగోళ్ళం. క్రిస్టియన్లం. ఏం కావాలన్నా కేకెయ్యి" అంది.

మెల్లగా అనలేదు. వీధిలోకి వినబడేటట్టు అంది. నేను భయపడి కిటికీ వైపు చూశాను. నా కులం పేరును సిగ్గు లేకుండా, కోపం కూడా లేకుండా, ఊరి పేరు చెప్పినంత మామూలుగా చెప్పిన మనిషిని ఈ పట్నంలో మొదటిసారి చూశాను. నేను మాత్రం ఆ రోజు నా కులం చెప్పలేకపోయాను.

మూడు వారాలు పట్టింది. ఒకరోజు ఆమె పాపను ఎత్తుకొని ఉండగా, "అక్కా, మేము గూడ మాదిగోళ్ళమే. ఇంటోళ్ళకు వేరే చెప్పినం" అన్నాను. వెంటనే ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నవ్వింది. "ఆదివారం ఆదివారం అన్ని ఊదుబత్తీలు ఏ పూజకు ఎలిగిస్తారే పిచ్చిదానా? ఆ వాసన నాకు తెలీదనుకున్నావా?" అంది. నేనూ నవ్వాను. ఈ పట్నం వచ్చినాక నేను నవ్విన మొదటి నవ్వు అది. మరుసటి ఆదివారం ఇద్దరం కలిసి వండుకొని ఒకే కంచంలో తిన్నాం. ఊదుబత్తి వెలిగించలేదు.

అక్క నన్ను చర్చికి రమ్మని అడగలేదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఎందుకంటే మావాళ్ళను ఎవరో వచ్చి మభ్యపెట్టి తీసుకుపోతారని, మాకు సొంత బుద్ధి ఉండదని చాలామంది రాస్తుంటారు. శుక్రవారం శుక్రవారం అక్క ఎటో పోయి వచ్చేది. వచ్చినాక ముఖం తేటగా ఉండేది. నేనే అడిగాను. "స్త్రీల ప్రార్థన కూడిక" అంది. నేనూ వస్తానన్నాను.

అది గోపురం ఉన్న చర్చి కాదు. మేడ మీద వేసిన రేకుల షెడ్డు. పదిహేను, ఇరవై మంది ఆడవాళ్ళు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, కంపెనీ క్యాంటీన్లలో గిన్నెలు తోమేవాళ్ళు, కుట్టుపని చేసేవాళ్ళు. ఒక్కొక్కరు లేచి వారంలో తమకు జరిగింది చెప్తారు. మొగుడు కొట్టింది, కొడుకు ఫీజు కట్టలేనిది, కాలు వాచింది. మిగిలినవాళ్ళు వింటారు. దాన్ని సాక్ష్యం అంటారు. మా వాడల్లో ఆడది తన బాధ చెప్తే 'ఊకె ఏడ్వకు' అంటారు. ఇక్కడ బాధ చెప్పుకోవడమే పూజ. నాకు చదువొచ్చని తెలిసి, "చదువుకున్న చెల్లి వాక్యం చదువుతది" అని బైబిల్ నా చేతికిచ్చారు. నా చదువు ఆ పట్నంలో ఎవరికైనా పనికొచ్చింది ఆరోజే. ఆ ఆడవాళ్ళ మధ్య కూర్చొని కళ్ళు మూసుకున్నప్పుడు, నన్ను పుట్టించినవాడు నా మీద అసహ్యంతో పుట్టించలేదని నమ్మాను. నా విశ్వాసం అంటే అంతే. అంతకంటే పెద్ద వేదాంతం నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

మిత్రులారా, ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారని నాకు తెలుసు. 'నీకు కావలసింది మనిషి. మనిషి దొరికింది. దాన్నే దేవుడు అనుకున్నావు. అవసరంలో దొరికిన దేవుడు నిజమైన దేవుడేనా?' అని. మా తమ్ముడే అడిగాడు. నేనూ చాలా రాత్రులు ఇదే ఆలోచించాను.

అక్క వాళ్ళ ఒంగోలు ప్రాంతంలో ఈ ప్రశ్న నూట యాభై ఏళ్ళ కిందనే వచ్చింది. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇప్పించాడు. తిండి కోసం మతంలో కలిశారని ఎవరూ అనకూడదని కరువు పనులు సాగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు. పనులు అయిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలే. వాళ్ళకు ఆ సువార్తను ఊరూరా తిరిగి చెప్పినవాళ్ళలో ముందున్నవాడు యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. అయినా వాళ్ళను బియ్యం కోసం కలిసినవాళ్ళే అన్నారు.

అసలు అవసరం లేకుండా దేవుణ్ణి మొక్కేవాడెవడో నాకు చూపించండి. హైదరాబాదు పక్కనే చిలుకూరు ఉంది. అమెరికా వీసా కావాలని బాలాజీ చుట్టూ 11 ప్రదక్షిణలు చేస్తారు. వీసా వచ్చినాక 108 చేస్తారు. దాన్ని భక్తి అంటారు. నేను దాన్ని తప్పు పట్టను. వాళ్ళ అవసరం వాళ్ళది. కాని మాదిగ తల్లి బిడ్డ జ్వరం తగ్గాలని రేకుల షెడ్డులో మోకరిస్తే దాన్ని ప్రలోభం అంటారు. కడుపు నిండినవాడి కోరిక భక్తి అయినప్పుడు, కడుపు కాలినవాడి ఆకలి మోసం ఎట్లయితది? తాకనివాళ్ళ మధ్య పుట్టినవాళ్ళకు తాకిన చెయ్యి చిన్న విషయం కాదు. మాకు అదే మొదటి వాక్యం.

ఇంతవరకు నా మనసుకు జవాబు దొరికింది. తర్వాత వచ్చిన ప్రశ్నకు మాత్రం సగమే దొరికింది.

అక్క కూడా టీచర్ ట్రైనింగ్ చేసింది. డీఎస్సీ రెండుసార్లు రాసింది. రెండుసార్లూ కొద్ది మార్కుల్లో పోయింది. అక్క వాళ్ళ తాత తన పిల్లల్ని బడిలో వేసేటప్పుడు మతం గడిలో 'క్రైస్తవ' అని నిజం రాయించాడు. అందుకని వాళ్ళ కాగితం బీసీ-సి అయింది. ఎస్సీల నుంచి క్రైస్తవం తీసుకున్నవాళ్ళకు, వాళ్ళ సంతానానికి ఉన్న గ్రూపు అది. దానికి ఒక్క శాతం. ఎస్సీలకు 15 శాతం. ఆమెదీ నాదీ ఒక్కటే కులం. ఆమె తాతా మా తాతా ఒకే తోలుపని చేశారు. ఆమెకూ ఇల్లు అద్దెకివ్వలేదు, నాకూ ఇవ్వలేదు. ఆమె తాత నిజం చెప్పాడు, మా నాయనకు చెప్పే అవకాశమే రాలేదు. తేడా అంతే. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు అక్క వాళ్ళ నాయన డప్పు మెడకేసుకొని తిరిగాడట. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో వర్గీకరణ అమలుకొచ్చి మాదిగలున్న రెండో గ్రూపుకు 9 శాతం ఇచ్చారని నేను ఫోన్ చేసి చెప్తే అక్క సంతోషపడింది. అటు ఆంధ్రాలోనైనా, ఇటు తెలంగాణలోనైనా ఆ వర్గీకరణ అక్క గడపలోకి రాదు. ఆమె కాగితం ఎస్సీ కాదు కనుక.

2017లో టీఆర్‌టీ నోటిఫికేషన్ పడింది. అక్క తన పాత పుస్తకాల మూట తెచ్చి నా ముందు పెట్టింది. "ఇవి నాకు అక్కరకు రాలేదు. నీకన్నా రానీ" అంది. పరీక్ష అయ్యేదాకా పొద్దంతా పాపను తన దగ్గరే ఉంచుకుంది. బట్టలు కుడుతూ మిషన్ పక్కన ఆడించింది. 2018లో పరీక్ష రాశాను. 2019లో ఉద్యోగం వచ్చింది. ఎస్సీ కోటాలో వచ్చింది. నా బిడ్డను పెంచి నన్ను టీచర్ని చేసిన మనిషికి ఆ కోటా లేదు. ఆర్డరు కాగితం చేతిలో పట్టుకొని నేను ముందు పోయింది ఆమె దగ్గరికే. ఆమె చదివి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషంలో ముల్లు ఇప్పటికీ ఉంది.

ఈ చట్టం సంగతి విద్యార్థులు తెలుసుకోవాలి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో మూడో పేరా. హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవాళ్ళు షెడ్యూల్డు కులాలు కారని. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను, ముస్లింలను కలపలేదు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై అనే ఆయన ఉన్నాడు. చెప్పులు కుట్టే ఎస్సీలకు ప్రభుత్వం బంకులిచ్చింది. క్రైస్తవుడని ఆయనకు ఇవ్వలేదు. ఆయన సుప్రీంకోర్టుకు పోయాడు. మతం మారాక కూడా కులం బాధ అంతే తీవ్రంగా ఉందని రుజువు లేదని 1985లో కోర్టు కొట్టేసింది. బాప్తిస్మం తీసుకుంటే చేతిలో ఉన్న ఆరె, ముందున్న తెగిన చెప్పు మారతాయా? 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు మతంతో ముడి తీసేయమని చెప్పింది. తీయలేదు. 2022 అక్టోబరులో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్‌తో మళ్ళీ కమిషన్ వేశారు.

రాజ్యాంగం 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛ ఇచ్చింది. ఒక రెడ్డి క్రైస్తవుడైతే ఆయన పొలం పోదు, పలుకుబడి పోదు, పెళ్ళి ప్రకటనలో 'క్రైస్తవ రెడ్డి' అని వేసుకుంటాడు. మాదిగ క్రైస్తవుడైతే కులం బాధ అట్లనే ఉంటది, కులం వల్ల వచ్చే హక్కు మాత్రం పోతది. ఒకే అంతరాత్మకు ఇద్దరి దగ్గర రెండు ధరలు.

ఉద్యోగం వచ్చిన ఏడాదే పాస్టరు గారు బాప్తిస్మం మాట ఎత్తారు. నేను ఆగమన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ ఆగమన్నాను. ఆయన మంచివాడే. కాని ఒకరోజు అందరి ముందు, "కొంతమంది రెండు పడవల మీద కాళ్ళు పెడతారు" అన్నారు. "క్రీస్తులో కులం లేదు" అని కూడా అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు అడగాలనిపిస్తది. లేకపోతే మాలలకు ఒక చర్చి, మాదిగలకు ఒక చర్చి ఎందుకున్నాయి? తమిళనాడు తిరుచ్చిలో దళిత క్రైస్తవుల సమాధులను వేరుచేసే గోడ ఎందుకుంది? చర్చిలో కులం లేదంటే కులం గురించి మాట్లాడొద్దనే అర్థం అవుతున్నది. ఢిల్లీలో చట్టం కూడా అదే అంటున్నది. క్రైస్తవంలో కులం లేదు కనుక మీకు హక్కు లేదని. మాట ఇద్దరిదీ ఒక్కటే, నష్టం మాత్రం మాకు.

బాప్తిస్మం లేనివాళ్ళకు ప్రభురాత్రి భోజనం ఇవ్వరు. నెలకొకసారి రొట్టె ముక్కల పళ్ళెం నా ముందు నుంచి పోతుంది. పక్కామెకు అందుతుంది. నాకు అందదు. చిన్నప్పుడు మా ఊరి హోటల్లో మాకు విడిగా పెట్టిన గ్లాసు గుర్తుకొస్తుంది. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు. ఆ గ్లాసు వేరే పెట్టింది నా పుట్టుకను చూసి, ఈ పళ్ళెం దాటిపోయేది నేను చేసుకున్న నిర్ణయాన్ని బట్టి. అయినా కడుపులో మెలిపెట్టేది ఒకే చోట. ఒక ఆదివారం పళ్ళెం అక్క దగ్గరికొచ్చింది. ఆమె తీసుకోకుండా పక్కకు అందించింది. బయటికొచ్చాక ఎందుకట్ల చేశావని అడిగాను. "ఇయ్యాల మింగుడు పడదనిపించింది" అంది. అంతే. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాత కూడా బాప్తిస్మం తీసుకోమని నన్ను అడగలేదు, తీసుకోవద్దనీ చెప్పలేదు. మతం మనిషిని చేర్చుకోవడానికే స్నేహం చేస్తుందని అనేవాళ్ళకు నా దగ్గరున్న జవాబు ఇదే. నేను ఒప్పుకోనప్పుడు కూడా ఆ స్నేహం నిలబడింది.

మా తమ్ముడు ఉస్మానియాలో చదివాడు. అంబేద్కర్ వాది. "అక్కా, బౌద్ధం తీసుకో. హిందువువి కావు, ఎస్సీ కాగితమూ పోదు" అన్నాడు. వాని మాటలో ప్రేమ ఉంది, లెక్క కూడా ఉంది. నాకు ఆ లెక్కే నచ్చలేదు. 1935లో యేవలాలో హిందువుగా చావనని చెప్పిన అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు. అప్పుడు బౌద్ధులకు ఎస్సీ హోదా లేదు. 1990 దాకా 34 ఏళ్ళు లేదు. పోతుందని తెలిసే తీసుకున్నాడు. ఆయన లెక్క చూసుకోలేదు. ఆయన పేరు చెప్పి నేను లెక్క చూసుకొని దేవుణ్ణి ఎంచుకుంటే ఆయనకు గౌరవమా? బుద్ధుడి మీద మనసుపడి పోయినవాళ్ళకు నేను దండం పెడతాను. నా మనసు ఆ రేకుల షెడ్డులో ఉంది. కాగితం ఎక్కడ భద్రమో చూసుకొని మనసును అక్కడికి పంపలేను.

అప్పుడు తమ్ముడు సూటిగా అడిగాడు. "మరి బాప్తిస్మం ఆపింది గూడ లెక్క చూసుకునే గదా?" నేను జవాబు చెప్పలేకపోయాను. వాడన్నది నిజం. అంబేద్కర్‌కు ఉన్న ధైర్యం నాకు లేదు. నా జీతం మీద మా అమ్మానాయన మందులు, మా బిడ్డ చదువు ఆధారపడి ఉన్నాయి. ఇల్లు గడవడానికి ఆగాను. దాన్ని వేరే గొప్ప పేరుతో పిలవను.

2024 నవంబర్ 26న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పుదుచ్చేరి మహిళ కేసు. క్రైస్తవంలో పుట్టి, చర్చికి పోతూ, ఉద్యోగం కోసం తాను హిందువునని ఎస్సీ సర్టిఫికెట్ అడిగిందని ఆమె కేసు కొట్టేశారు. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం మారడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అన్నారు. అది రాజ్యాంగ దినోత్సవం రోజు. బడిలో పిల్లలతో పీఠిక చదివించి వచ్చి ఆ వార్త చూశాను. రాత్రంతా నిద్ర లేదు. నేను బాప్తిస్మం తీసుకోలేదు. కాని శుక్రవారం పోతాను, వాక్యం చదువుతాను. అవలంబించడం అంటే ఎంత? కళ్ళు మూసుకుంటే అవలంబించినట్టా? నీళ్ళలో మునిగితేనా? మా అమ్మ ఇప్పటికీ ఎల్లమ్మకు బోనం చేస్తది, నేను ఆ బోనం కుండకు సున్నం పూస్తాను. అప్పుడు నేను ఎవరిని? మా అమ్మను అడిగితే, "ఎవలికి మొక్కితె ఏంది బిడ్డా. అప్పుడు ఏడుస్తుంటివి, ఇప్పుడు నవ్వుతున్నవ్. నాకు గది సాలు" అంది. మా అమ్మకున్నంత తేట కోర్టులకు ఎప్పుడొస్తదో.

అదే ఏడాది డిసెంబర్ 25కు మెదక్ చర్చికి వందేళ్ళు నిండాయి. అక్కనూ, మా బిడ్డనూ తీసుకొని పోయాను. జనం ఇసుక వేస్తే రాలనంత ఉన్నారు. మా బిడ్డకు పదేళ్ళు. గోడ మీద చెయ్యి పెట్టి, "ఇండ్ల మన తాత మోసిన రాయి ఏది?" అని అడిగింది. చూపించలేకపోయాను. మోసినవాళ్ళ పేరు రాళ్ళ మీద ఉండదు. అక్క ఆ గోడను తడిమి, "మీ ముత్తాత మోసి ఇంటికి పోయాడు, మా ముత్తాత తవ్వి ఆగిపోయాడు. ఇద్దరికీ కూలి ఒకటేనే" అంది.

అబద్ధం ఎవరిది అని చాలా ఏళ్ళు ఆలోచించి నేను తేల్చుకున్నది ఇది. గుడిలోకి రానియ్యకుండా హిందూ అని రాసినవాళ్ళది మొదటి అబద్ధం. కులం చెప్తే ఇల్లు ఇయ్యనివాళ్ళది రెండోది. మతం మారితే అంటరానితనం పోయినట్టే అని చెప్పే చట్టానిది మూడోది. ఈ మూడు అబద్ధాల మధ్య నిలబెట్టి మా ఒక్కళ్ళనే నిజం చెప్పమంటున్నారు. ఆ నిజానికి మా పిల్లల అన్నం ధర కట్టమంటున్నారు. అందుకని నోరు మూసుకున్న నా తోటి దళితులెవరినీ నేను అబద్ధాలకోరు అనను.

కాని నా వరకు నేను తప్పించుకోలేను. నా మౌనం వల్ల నాకు జీతం వచ్చింది. అక్క వాళ్ళ తాత నిజం వల్ల అక్క బట్టలు కుడుతున్నది. నిజం చెప్పినవాళ్ళకు శిక్ష పడే చోట మౌనంగా ఉన్నవాళ్ళు ఆ శిక్షలో వాటా తీసుకోవాలి. నేను ఎట్ల తీసుకోగలను? ఆ మూడో పేరా పోయేదాకా మాట్లాడటం ద్వారా. నా కడుపు నిండింది కదా అని ఊరుకోకపోవడం ద్వారా. ఎస్సీలలో కొంతమంది మిత్రులు, వాళ్ళొస్తే మన వాటా తగ్గుతది అంటారు. వాటా పెంచమని కొట్లాడదాం. మన చెల్లెల్ని బయట నిలబెట్టి మనం తినే ముద్ద ఎంతకాలం దిగుతది?

ఆ రోజు రిజిస్టర్ దగ్గర ఏం చేశానో చెప్పి ముగిస్తాను. ఆ తల్లి చెప్పినట్టే రాశాను. హిందూ. మాదిగ. రాసింది నా చెయ్యే. ఆమె ఊపిరి పీల్చుకుంది. పోతూ పోతూ గుమ్మంలో ఆగింది. "మీరు ఏమోళ్ళు టీచరమ్మా?" అంది.

పదేళ్ళ కింద ఇంటి ఓనరమ్మ అడిగిన మాటే. గదిలో మా హెడ్మాస్టరు ఉన్నారు. ఇద్దరు తోటి టీచర్లు ఉన్నారు. ఒంగోలు అక్క గుమ్మంలో నిలబడి చెప్పిన గొంతు గుర్తొచ్చింది.

"మాదిగోళ్ళమమ్మా" అన్నాను. అందరికీ వినబడేటట్టే అన్నాను. ఆమె ముఖం విచ్చుకుంది. ఒక అడుగు వెనక్కి వచ్చి, ఈసారి తలుపు దిక్కు చూడకుండా, "ప్రార్థనకు పోతరా?" అని అడిగింది.

"పోతాను" అన్నాను.